అలెగ్జాండరు గాజు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం హిందూపురంలో అందరికీ అలవాటే. లేపాక్షి బసవన్న ఒకరోజు మధ్యాహ్నం లేచొచ్చి మా అంగడి ముందు నిలబడి మంచినీళ్లడిగాడని నేను చెబితే, బిందెతో ఇచ్చావా బకెట్టుతో ఇచ్చావా అన్నారే తప్ప అబద్ధమని ఒక్కరూ అనలేదు. ఈ డాలు సంగతి కూడా మీరు అలాగే వినవచ్చు. తీసేయగలిగింది తీసేయండి. ఇన్నేళ్లుగా నేనూ అదే ప్రయత్నంలో ఉన్నాను. ఒక్క ముక్క కూడా ఊడి రావడం లేదు.

అప్పట్లో నాకు బోర్డులు రాసే అంగడి ఉండేది. బట్టల కొట్లకు, సోడా బండ్లకు, లారీల వెనక పలకలకు అక్షరాలు రాసేవాణ్ణి. అది కడుపు కోసం. మనసు కోసం నాటకాల సామాను చేసేవాణ్ణి. కిరీటాలు, విల్లులు, గదలు, రథానికి చక్రాలు. చింతగింజల పిండి ఉడకబెట్టి, నానిన కాగితాలు దాంట్లో పిసికి, ఆరాక పైన బంగారు కాగితం అతికిస్తే ఎంతటి రాజుకైనా చాలేది. అలా చేసిన భీముడి గదను సోమందేపల్లిలో ఒక మేక సగం తినేసింది. మిగిలిన సగంతోనే మా భీముడు దుర్యోధనుణ్ణి చంపాడు. దుర్యోధనుడు కూడా పెద్దమనసుతో చచ్చిపోయాడు.

మా గుంపులో రాజు వేషం ఎప్పుడూ ఒకడిదే. బజారు పక్క సందులో గాజుల అంగడి నడిపే సాయిబుది. నాకంటే కొంచెం పెద్దవాడు, మంచి పొడగరి. కృష్ణుడై పద్యం ఎత్తుకుంటే ముసలమ్మలు కొంగు భుజాన వేసుకుని దండం పెట్టేవాళ్లు. ఉదయం వాళ్లే గాజులకు వచ్చి, "ఏం కిష్ణా, డజనుకు ఒకటి ఎక్కువేస్తావా లేదా?" అని బేరం చేసేవాళ్లు. గాజులు వేయించుకోవడానికి ఎంత వచ్చేవాళ్లో, ఆ మాటలు వినడానికీ అంతే వచ్చేవాళ్లు. ఎడమచేత్తో ఆడమనిషి వేళ్లు ఒడిసిపట్టి, బొటనవేలి ఎముక దగ్గర మెల్లగా నొక్కి, కుడిచేత్తో గాజు జార్చేవాడు. "చెయ్యి వదిలెయ్ తల్లీ. అది నీది కాదనుకో," అనేవాడు. గాజు పగలడం గానీ, గీరుకోవడం గానీ నేను చూడలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఎండాకాలం పెనుకొండ నుంచి ఒక లెక్చరరు వచ్చాడు. కాలేజీలో చరిత్ర చెబుతాడట. వాళ్ల ఊళ్లో పగటిపూట ఒక ఊరేగింపు పెట్టుకున్నారు. లారీల మీద, ఎద్దుల బండ్ల మీద చరిత్రలో రాజులు నిలబడి రావాలి, కూడలి కూడలిలో ఆగి మాటలు చెప్పాలి. ఒక లారీ మీద అలెగ్జాండరు, పురుషోత్తముడు. మాటలు తనే రాసుకొచ్చాడు.

"పెనుకొండకు, అలెగ్జాండరుకు ఏం సంబంధం సార్?" అన్నాను.

"వచ్చి ఉంటే మా కొండ ఎక్కలేక తిరుక్కుని పోయేవాడు. అదీ సంబంధం," అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

కోతలు కోయడంలో మన కులం మనిషే దొరికాడని నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ డాలు దగ్గర మాత్రం ఆయన మహా పట్టుదల మనిషి. ఒక లావుపాటి పుస్తకం తెరిచి బొమ్మ చూపించాడు. పాతకాలపు కుండ మీద గీసిన గ్రీకు సిపాయి. మోకాలి నుంచి గడ్డం దాకా కప్పేసే గుండ్రటి డాలు. బోర్లించిన గిన్నెలా నడుమ ఉబ్బి, అంచు మాత్రం పళ్లెం అంచులా చదునుగా ఉంది. పక్కనే డాలు లోపలి వైపు బొమ్మ. మన నాటకాల డాలుకు నడుమ ఒక పిడి ఉంటుంది, దాన్ని పిడికిట పట్టుకుంటారు. దీనికి అది లేదు. నట్టనడుమ వెడల్పాటి ఇత్తడి పట్టీ వంతెనలా వంగి ఉంది. దాంట్లో మోచేతి దాకా చెయ్యి దూర్చాలి. అంచు దగ్గర చిన్న తాడు. వేళ్లకు ఆ తాడు, బరువంతా మోచేతికి, పై అంచు భుజానికి.

"అచ్చు ఇలాగే ఉండాలి. సినిమా డాలు తెచ్చారంటే నేను లారీ ఎక్కనివ్వను," అన్నాడు.

పురుషోత్తముడి వేషం పరిగి దగ్గరి ఆసామిది. చెరువు కింద మడి, చేలల్లో బావులు ఉన్నవాడు. గుంపుకు లారీ, భోజనాలు ఆయన తరఫు. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వాడు.

"ఇది గాజు కదప్పా! మగోడు, దాంట్లో రాజు, గాజు తొడుక్కుని యుద్ధానికి వస్తాడా? జనం రాళ్లేస్తారు."

అందరం నవ్వాం. మావైపు మగవాణ్ణి పిరికివాడని తిట్టాలంటే గాజులు తొడుక్కోమంటారు. అంతకు మించిన తిట్టు లేదు. లెక్చరరు ఒక్కడే నవ్వలేదు. గాజుల సాయిబు కూడా నవ్వలేదని నాకు తర్వాత గుర్తొచ్చింది. ఆయన పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ పట్టీని, ఆ తాడును చాలాసేపు చూశాడు.

"గాజే కానీలే అప్పా," అన్నాడు చివరకు. "ఊరందరికీ నేనేస్తాండా. నాకొకరు వేస్తే తప్పేముండాది? మా సికందరు బాద్షా ఏది తొడుక్కున్నా నేనూ తొడుక్కుంటా."

డాలుకు కాగితం పిండి పనికిరాదు, అంత వెడల్పు ఊరికే సొట్టపోతుంది. పెళ్లిళ్లకు పాత్రలు బాడుగకిచ్చే అంగట్లో ఒక పాత పలావు డేక్సా మూత దొరికింది. రాగిది, లోపల కళాయి ఊడిపోయింది. కంచరాయన దాని పిడి తీసేసి, ఇసుక సంచి మీద బోర్లించి, నడుమ భాగాన్ని ఇంకా ఉబ్బేదాకా సుత్తితో కొట్టాడు. ఎన్ని వేల మంది తిన్న పలావు వాసనో, సుత్తి దెబ్బ పడినప్పుడల్లా లేచేది. ఆ వాసనకు సందులో కుక్కలన్నీ వచ్చి వరుసగా కూర్చునేవని చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పను.

పట్టీ కొలతకు సాయిబును మా అంగడికి పిలిచాను. మధ్యాహ్నం, సందులో ఎవరూ లేరు. ఆయన పూర్తి చేతుల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ ఎండల్లో అలాంటి చొక్కా ఎందుకని నేను అడగలేదు. ఎడమ చెయ్యి మడిచి నా బల్ల మీద పెట్టాడు. చుట్టూ దారం తిప్పి కొలత తీసుకుంటున్నాను. పక్కనే కుంపటి మీద బంక కాగుతోంది. నేను పుల్లతో కలిపి పైకి తీసేటప్పుడు ఒక చుక్క జారి, చొక్కా అంచు దాటి ఆయన మణికట్టు మీద పడింది. బుడగలు వస్తున్న బంక. నేను 'అయ్యో' అని పుల్ల పారేశాను. ఆయన బయటి ఎండ వైపు చూస్తున్నాడు. నా కేక విని నా మొహం చూశాడు, నా చూపు వెంట తన చేతిని చూశాడు. అప్పుడు, అంతా చూసుకున్నాక, "హబ్బా" అన్నాడు.

ఆ హబ్బా ఎంత ఆలస్యంగా వచ్చిందో మా ఇద్దరికీ తెలిసింది.

చొక్కా చెయ్యి పైకి లాగాను. ముంజేతి కింద అరచెయ్యంత మేర తోలు రంగు తగ్గి, పొడిగా, నున్నగా ఉంది. వెంట్రుక లేదు. చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి వంగి ఉన్నాయి. నేను చాచబోతే చాచుకోలేదు.

"చూసినావు కదా," అన్నాడు. "మాట పైకి అనాకు."

మాకు ఆ రోగానికి పేరు పెట్టి పిలిచే ధైర్యం లేదు. పెద్దరోగం అంటాం. అది కూడా గొంతు తగ్గించే అంటాం.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"మచ్చ వచ్చి శానా నాళ్లాయ. వేళ్లు వంగింది ఈ మధ్య."

"ఆడోళ్ల చేతులు..."

"పోయిన రంజాను కాడ్నుంచి ఒక్క చెయ్యి ముట్టుకోలా. మా ఇంట్లో ఆమే వేస్తాంది. నేను కూచోని రంగులు చూపిస్తా, మాటలు చెప్తా. నడుం నొప్పి అని చెప్పినా అందరికీ." చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "ఇస్కూళ్లల్లో మచ్చలుండాయేమోనని పిల్లోళ్ల వీపులు చూసేటోళ్లు సైకిలు మీద వస్తారే, వాళ్లలో ఒకాయన్ని సంతలో పక్కకు పిలిచి అడిగినా. మాత్రలుండాయంట. తింటే ఇంకొకరికి అంటదంట. ఆస్పత్రికి రమ్మన్నాడు."

"మరి పో!"

"పోతే ఇల్లు చూడనీకి వస్తారు. సందులోకి వాళ్ల సైకిలు వచ్చిందంటే అయిపోయినట్లే. గాజులోడికి పెద్దరోగం అంటే ఏ ఆడది చెయ్యి చాస్తాదబ్బా? అంగడి పోతాది. నాటకం పోతాది. ఆమె ఏం కావాల? ఈ ఊరేగింపు ఒకటి కానీ. ధర్మవరంలో ఇల్లు చూస్తా, మెల్లగా చెప్పకుండా ఎత్తేస్తాం. ఆడ్నించి పోతా ఆస్పత్రికి."

ఆ పట్టీ డాలు ఆయనకు ఎందుకు అంత నచ్చిందో అప్పుడు అర్థమైంది. పిడికిలి బిగించనవసరం లేదు. వంగిన వేళ్లు డాలు చాటున ఉంటాయి. బరువు మోచెయ్యి మోస్తుంది. రెండున్నర వేల ఏళ్ల కిందట ఎవడో గ్రీకువాడు తన ప్రాణం కాపాడుకోవడానికి కనిపెట్టిన ఉపాయం, హిందూపురం గాజుల సాయిబు పరువుకు అచ్చంగా సరిపోయింది.

"నేను ఎవరికన్నా చెబితే?" అన్నాను, నోరూరుకోక.

మొదటిసారి నవ్వాడు. "నువ్వు చెబితే ఎవురు నమ్ముతారు? ఆ ధైర్యం తోనే కదా నీ ముందర చెయ్యి పెట్టింది."

డాలు ముఖానికి బొమ్మ కావాలి. లెక్చరరు దానికీ ఒక పటం ఇచ్చాడు: ఒక ఆడదాని తలకాయ. గుడ్లు ఉరిమి చూస్తున్నాయి, నాలుక బయటికి ఉంది, వెంట్రుకలకు బదులు పాములు. దాన్ని చూసిన శత్రువు రాయైపోతాడట. తోలు మీద వేయిస్తే ఎండకూ తుంపరకూ తట్టుకుంటుందని ధర్మవరం బస్సెక్కాను. ఆ పక్క ఊళ్లో తోలుబొమ్మలు కట్టేవాళ్లున్నారు. నాకు తెలిసిన ముసలాయన పటం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అరుగు మీద పెట్టి, నేరుగా అసలు ప్రశ్న అడిగాడు.

"ఈమె దేవతనా, రాక్షసినా?"

"ఎందుకు తాతా?"

"దేవతయితే జింకతోలు. రాక్షసి అయితే మేకతోలు. మా ఇంట్లో పద్ధతి. జింకతోలు ఇప్పుడు యాడ దొరకతాది? ఫారెస్టోళ్లు పట్టకపోతారు. రాక్షసి అని చెప్పప్పా, తొందరగా అయిపోతాది."

"గ్రీకుల ఎల్లమ్మ తల్లి తాతా. పుట్టింది అక్కడే గానీ, వాళ్ల మేనత్త మన మడకశిర," అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. "నాలుక యెల్లబెట్టుకుని, గుడ్లురుముకుని, చూసినోళ్ల కన్ను తిరగ్గొట్టేది. ఇది దిష్టిబొమ్మ కదప్పా. కొత్త ఇంటికి కట్టేది. ఆ మాట చెప్పేదానికి ఎల్లమ్మ తల్లిని ఏంటికి లాగుతావు?"

మేకతోలు మీదే వేశాడు. ఉలితో పాములకు పొలుసులు చెక్కాడు, ఎర్రలు పచ్చలు నింపాడు, కనుగుడ్లు మాత్రం చివర పెట్టాడు. అవి పెట్టేదాకా అది తోలు. పెట్టాక ఆయనే ఒక అడుగు వెనక్కి జరిగాడు.

రాగి మూత మీద ఆ తోలు పరిచి, చుట్టూ రేకుపట్టీ బిగించాను. లోపల నడుమ ఇత్తడి పట్టీ, అంచున ఎర్ర పట్టుదారాలు పేనిన తాడు, దానికి కుచ్చులు. ధర్మవరం మగ్గాల దగ్గర పడేసిన దారాలవి. సాయిబు వచ్చి చెయ్యి దూర్చి, అంచు భుజానికి ఆనించి అంగట్లో నిలబడ్డాడు. నేను చేసిన సామాన్లలో నిజంగా బరువున్నది అదొక్కటే. ఆయన వీపు దానంతట అదే నిటారుగా అయింది. ఆ క్షణంలో ఆయనకు ఏ రోగమూ లేదు.

రిహార్సళ్లలో ఆసామి ఊరుకోలేదు. "పెండ్లికూతురా, చెయ్యి బయటికి తియ్యి!" అని రోజూ ఎగతాళి. నేను అడ్డం పడ్డాను. గ్రీకు దేశంలో రాజు ఎడమచెయ్యి జనం కంట పడితే ఆ ఏడు వాన పడదనీ, అందుకే స్నానానికి కూడా చెయ్యి కట్టుకునే దిగుతారనీ చెప్పాను. అనంతపురం జిల్లా వాళ్లం కదా, వాన మాట వచ్చేసరికి అందరూ కాస్త తగ్గారు. లెక్చరరు నోరు తెరవబోయి, నా మొహం చూసి ఎందుకో మూసుకున్నాడు.

ఊరేగింపు రోజు తెల్లవారి లారీలో పెనుకొండ చేరాం. పిల్లలు డాలు మీది పాములను గిల్లుతుంటే క్లీనరు దాన్ని తీసి క్యాబిన్ పైన, లోపలి వైపు ఆకాశానికి ఉండేలా వెల్లకిలా పెట్టి, తాళ్లతో కట్టేశాడు. అటు వేషాలు, ఇటు ఉపన్యాసాలు. పెద్దలందరూ మాట్లాడేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఏప్రిల్ ఎండ ఆ కొండరాళ్ల మీద పడి మళ్లీ మన మీద పడుతుంది. బండ్లు కదులుతున్నాయని కేకలేశారు. క్లీనరు గోనెసంచి చుట్టి డాలు కిందికి దించాడు.

"కాల్తాందన్నా, నీళ్లు చల్లి ఇస్తా ఉండు."

"బాద్షాకు కాలదులే, తే," అన్నాడు సాయిబు. కుడిచేతిలో కత్తి ఉంది. ఎడమ చెయ్యి పట్టీలోకి దూర్చాడు. నేను అప్పుడు లారీకి ఆ చివర పురుషోత్తముడికి మీసం అతికిస్తున్నాను. ఆ మాటలు తర్వాత క్లీనరే చెప్పాడు.

మొదటి కూడలిలో చప్పట్లు కొట్టారు. రెండో కూడలి సంత దగ్గర. లారీ ఎత్తు మీద ఉండడం వల్ల కింద నిలబడ్డవాళ్లకు డాలు లోపలి వైపు కనబడుతుంది. ఒకడెవడో గట్టిగా అరిచాడు.

"రేయ్, అలెగ్జాండరు గాజు తొడుక్కున్యాడ్రోయ్!"

ఇక జనం ఆగలేదు. "ఒకటేనా, డజను వెయ్యండ్రా!" "సీమంతమా రాజా?" ఈలలు. సాయిబు గొంతు పెంచి మాటలు చెబుతూనే ఉన్నాడు. మొహాన చెమట తప్ప ఇంకేమీ లేదు. ఆసామికి తల కొట్టేసినట్లయింది. లారీ ఆయనది, ఆ ఊళ్లో ఆయన వియ్యంకులున్నారు.

"తియ్యప్పా దాన్ని! పిడికిట పట్టుకో. పరువు పోతాంది!"

సాయిబు తల అడ్డంగా ఊపాడు. ఆసామి రెండడుగులు వేసి, ఆ పట్టీ పట్టుకుని లాగబోయాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్లే "అమ్మా!" అని ఎగిరి వెనక్కి పడ్డాడు. వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. జనం అది కూడా నాటకమే అనుకుని ఇంకా నవ్వారు. ఆయన రోషంతో పైకండువా చేతికి చుట్టుకుని డాలు అంచు పట్టి ఒక్క గుంజు గుంజాడు. చెయ్యి పట్టీలోంచి బయటికొచ్చింది. చేతి తోలు కొంచెం పట్టీకే ఉండిపోయింది.

నవ్వులు ముందు వరసలో ఆగాయి. అక్కడి నుంచి వెనక్కి, వెనక్కి ఆగుతూ పోయాయి.

"ఏమప్పా," అన్నాడు ఆసామి. గొంతులో ఎగతాళి లేదు. "నీకు కాల్లేదా?"

"కాలింది. ఓర్చుకున్యా."

"ఓర్చుకున్నోని మొగం అట్ల ఉండదప్పా," అని ఆయన ఆ చేతిని, ఆ వంగిన వేళ్లను చూశాడు. చూసి, కండువాను చేతి నుంచి విప్పి లారీలోనే జారవిడిచాడు.

నేను మధ్యలోకి దూకాను. గ్రీకు రాజులు పట్టాభిషేకం నాడు నిప్పులో చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారనీ, ఇది ఆ ఘట్టమేననీ అరిచాను. బాగా అల్లిన కథే అది. కింద ఒక్కరు కూడా తల ఎత్తి నన్ను చూడలేదు. గంప పట్టుకున్న ఒక ఆడమనిషి, "ఆ యప్ప హిందూపురం గాజులాయన కదమ్మే?" అని పక్కామెను అడిగింది. అడుగుతూనే తన రెండు చేతులూ చూసుకుంది. తర్వాత మెల్లగా కొంగుతో ముంజేతులు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆపలేదు. తుడుస్తూనే ఉంది.

"లారీ పోనివ్వు," అన్నాడు లెక్చరరు డ్రైవరుతో.

సాయిబు వంగి డాలు తీసుకున్నాడు. నేను వద్దని చెయ్యి పట్టుకోబోయాను, తప్పించుకున్నాడు. అదే పట్టీలోకి అదే చెయ్యి మళ్లీ దూర్చాడు. అంచు భుజానికి ఆనించాడు. మిగిలిన కూడళ్లన్నిట్లో తన మాటలు ఒక్క అక్షరం వదలకుండా చెప్పాడు. పురుషోత్తముడు మాత్రం క్యాబిన్‌లో డ్రైవరు పక్కకు వెళ్లి కూర్చున్నాడు. ఎదుట ఎవరూ లేని చోటికి చూస్తూ, "నిన్నెట్లా చూడాలి?" అని అలెగ్జాండరు అడిగాడు. జవాబు కోసం కాసేపు ఆగి, తర్వాతి మాట అందుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో లారీ తొట్టిలో అందరూ ఒక వైపుకు సర్దుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, సామాను సర్దుకున్నట్లే జరిగింది. నేను నీళ్లు పోసి, ఆయన రాజు శాలువా చింపి చేతికి కట్టాను.

"నువ్వు కూడా అవతల కూచో," అన్నాడు. "అంగడుండేటోనివి."

"గమ్మునుండు."

సోమందేపల్లి వస్తుంటే లేచి క్యాబిన్ మీద కొట్టాడు. లారీ ఆగింది.

"నేనీడ దిగుతా. ఇంట్లో ఏదో ఒకటి చెప్పు. అనంతపురంలో నాటకం తగిలిందను. నాలుగు దినాలైతాదను. నీకు నేర్పించాల్నా?"

దారి పొడుగునా కథ కుట్టుకుంటూ వచ్చాను. నాటకం ఏమిటి, ఎవరు పిలిచారు, ఎందుకు బట్టలకు కూడా ఇంటికి రాలేదు, అన్నిటికీ జవాబులు పెట్టుకున్నాను. సాయంత్రం వెలుగుండగానే హిందూపురం చేరాం. కానీ మాకంటే ముందే బస్సులో కబురు చేరింది.

గాజుల అంగడి మెట్టు మీద గాజులు కుప్పగా ఉన్నాయి. ఎర్రవి, ఆకుపచ్చవి, బంగారు చుక్కలవి. ఒక్కటీ పగల్లేదు. పెళ్లయిన ఆడది బోసిచేతులతో ఉండకూడదు, గాజు పగలగొట్టకూడదు. అందుకని సందులోని ఆడవాళ్లు ముందు మణికట్టుకు పసుపుదారం కట్టుకుని, తర్వాత గాజులు ఒక్కొక్కటే జాగ్రత్తగా తీసి తెచ్చి మెట్టు మీద పెట్టి పోతున్నారు. నేను చూస్తుండగానే ఒక పెద్దావిడ వచ్చి, తనవి పెట్టి, లోపలికి చూడకుండా వెళ్లిపోయింది. ఆవిడ చెయ్యి కంటే ఆవిడ మొహం బోసిగా ఉంది.

సాయిబు భార్య లోపల గాజుల అరల ముందు కూర్చుని ఉంది.

"చెల్లీ, ఆయనకు అనంతపురంలో..." అని మొదలుపెట్టాను.

"అనంతపురం తర్వాత చెబుదువులే అన్నా. లారీ వచ్చింది, ఆయన రాలే. యాడ దిగినాడు?"

"సోమందేపల్లి."

"చెయ్యి శానా కాలిందా?"

"నీకు ముందే..."

"ఆయన దాస్తాండాడని నేనూ దాస్తి," అంది. "ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరికొకరం దాచుకుంటిమి."

లేచి సంచిలో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, వెన్న ఉన్న గిన్నె పెట్టుకుంది. తలుపు దగ్గరగా వేసి మెట్టు దిగింది. గాజుల కుప్ప తొక్కకుండా పక్కనుంచి అడుగు వేసింది.

"తాళం వెయ్యవా?"

"ఎవురొస్తారన్నా?"

నేనూ ఆమె వెంట బస్సెక్కి సోమందేపల్లిలో దిగేసరికి, రోడ్డు పక్క టీ అంగడి ముందు రాతి మీద ఆయన కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి చొక్కా లోపల ఉంది. మొహం మీద అలెగ్జాండరు రంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ ఊళ్లో ఆయన సంగతి ఎవరికీ తెలియదు. అయినా చేతిలో గ్లాసు లేదు. కొబ్బరిచిప్పలో టీ తాగుతున్నాడు.

"గ్లాసు ఇయ్యలేదా?" అన్నాను.

"నేనే అడిగినా చిప్ప," అన్నాడు. "అలవాటు చేసుకోవాల కదా."

ఆమె చిప్ప ఆయన చేతిలోంచి తీసుకుని, మిగిలిన టీ తాగేసి, చిప్పను రోడ్డు అవతలికి విసిరేసింది. తర్వాత అంగడాయన వైపు తిరిగి, "ఇద్దరికీ గ్లాసుల్లో పోయి నాయనా," అంది. ఆయన తాగేదాకా చూస్తూ కూర్చుంది.

ధర్మవరం బస్సు వచ్చింది. ఆయన కుడిచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. కండక్టరు తొందరపెడితే లోపలికి జరిగాడు. ఆమె వెనకే ఎక్కింది.

ఆస్పత్రికి మరుసటి వారమే వెళ్లారట. మాత్రలు చాలా ఏళ్లు తిన్నాడు. మచ్చ ఆగింది, వేళ్లు అలాగే ఉండిపోయాయి. ధర్మవరంలో ఆమె పట్టునూలు పేనే పనికి కుదిరింది. ఆయన హిందూపురం మళ్లీ రాలేదు, వేషం కట్టలేదు. ఎండాకాలం అయ్యేలోపల ఆ అంగట్లో ఎవరో గోడలకు సున్నం వేయించి సైకిళ్లు బాడుగకిచ్చే షాపు పెట్టారు. బోర్డు రాయమని నన్నే అడిగారు. రాశాను.

వాళ్ల బస్సు వెళ్లిపోయాక ఆ రోజు మాత్రం నాకు హిందూపురం వైపు బస్సు ఎంతసేపటికీ రాలేదు. టీ అంగడాయన రెండు గ్లాసులూ కడిగి బోర్లించాడు. "వాళ్లిద్దరూ నాటకాలోళ్లా అన్నా?" అని అడిగాడు. అవునన్నాను.